ఖాళీ ప్లాటులో జంపక్క చిక్కుళ్ళు

జంపక్కను మా కాలనీలో అందరూ అక్కా అనే పిలిచేవారు. పేరులోనే అక్క ఉంటే ఇంకెలా పిలుస్తారు? వయసులో ఆమె కంటే బాగా పెద్దదైన నా భార్య విశ్రాంతమ్మకు మాత్రం ఇది కొంచెం కష్టంగా ఉండేది. "నా కూతురంత మనిషిని పట్టుకుని అక్కా అక్కా అంటన్నాను, చూడండి నా ఖర్మ," అనేది. విశ్రాంతమ్మది మధిర వైపు. కోపం వచ్చినంత త్వరగానే పోతుంది. కాని వచ్చినప్పుడు మాత్రం వీధి వీధంతా తెలుస్తుంది.

నేను పోస్టాఫీసు ఉద్యోగం నుంచి దిగిపోయాక ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నాం. పొద్దున వరండాలో కుర్చీ వేసుకుని చదువుకోవడం నా అలవాటు. పుస్తకంలోంచి తల ఎత్తితే ఎదురుగా కనిపించేది హీరాలాల్ సేటు గారి ఖాళీ ప్లాటు. ఎంత మంచి పుస్తకమైనా ఆ ప్లాటు ముందు ఓడిపోయేది. కళ్ళు మూసుకున్నా ముక్కు మూసుకోలేం కదా.

సర్కారు తుమ్మ, వయ్యారిభామ మనిషెత్తు పెరిగి ఉండేవి. వాటి మధ్య వాన నీటి మడుగు. మడుగు చుట్టూ కవర్లు, తాగి పడేసిన కొబ్బరి బొండాలు, పగిలిన సింకు ఒకటి, ఎవరిదో ఎడమకాలి బూటు. పందులు కుటుంబ సమేతంగా దిగేవి. పంచాయతీ వాళ్ళను అడిగితే, "ప్రైవేటు జాగా, మేం చెయ్యి పెట్టం సార్," అనేవారు. అలా అని ఓనరును అడిగినవాళ్ళూ లేరు. అడిగితే ఆయన శుభ్రం చేయిస్తాడు, చేయిస్తే మన చెత్త ఎక్కడ వేసుకోవాలి? ఈ ఆలోచన ఎవరూ పైకి అనలేదు గాని, అందరి గోడలకూ ఆ వైపు ఒక సందు ఉండేది. మా గోడకూ ఉండేది.

ఆ ప్లాటు పక్కదీ సేటుగారిదే. అందులో ఆయన ఇల్లు మొదలుపెట్టాడు. స్లాబు పడ్డాక ఎవరో వాస్తు తెలిసిన మనిషి వచ్చి మెట్లు రాకూడని మూలకు వచ్చాయన్నాడు. అంతే, పని ఆగింది. ఆగిన ఇంటికి కాపలాగా బొజ్జయ్య, అతని భార్య జంపక్క వచ్చారు. వాళ్ళది మణుగూరు దాటి అడవిలోకి వెళితే వచ్చే ఒక కోయగూడెం. బొజ్జయ్య తాపీ పనివాళ్ళతో ఊళ్ళు తిరిగినవాడు. జంపక్కకు మాత్రం ఖమ్మమే మొదటి పట్నం. కూతురు పూలికి ఇక్కడ నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. కిరాయి లేని గది దొరికింది కాబట్టి ఆ చదువు సాగుతోంది. గది పోతే గూడెం వెళ్ళిపోవడమే, పూలి చదువు అక్కడితో సరి. ఈ సంగతి జంపక్క దాచేది కాదు. "ఈ సగం ఇల్లే మాకు కాలేజి సారూ," అనేది.

అది రెండువేల ఆరు. ఆ వానాకాలం మా కాలనీ మొత్తం వంగి నడిచింది. చికున్‌గున్యా అనే పేరు పలకడం నేర్చుకునేలోపే మోకాళ్ళు పట్టేశాయి. పాలబ్బాయి బండి దిగలేక హారన్ కొడితే, ఇళ్ళల్లో వాళ్ళు లేవలేక గిన్నెలు మోగించేవారు. ప్రార్థనకు వెళ్ళిన విశ్రాంతమ్మ మోకరించింది గాని లేవలేకపోయింది. ఇద్దరు పట్టి లేపితే, "ప్రభువు దయ ఉంది గాని మోకాళ్ళకే లేదు," అంటూ ఇంటికి వచ్చింది.

జంపక్కకూ వచ్చింది ఆ జ్వరం. తగ్గీ తగ్గగానే కర్ర పట్టుకుని ప్లాటు అంచున నిలబడి చాలాసేపు మడుగునే చూసింది.

"ఏం చూస్తున్నావు అక్కా?" అన్నాను వరండాలోంచి.

"దోమల పుట్టిల్లు చూస్తన్న సారూ. గంత మంచిగ మేపుతుంటే అవి మాత్రం ఏడికి పోతయి?"

ఆ సాయంత్రం బొజ్జయ్య కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోను నుంచి సేటుకు ఫోన్ చేశాడు. "సేటూ, పక్క జాగల చెత్త బాగైంది. కొట్టి సాపు జేస్తం." అవతల దుకాణంలో పెళ్ళి బట్టల బేరాల రొద. "కరో భాయ్, కరో," అని పెట్టేశాడు సేటు. ఏం చెయ్యమన్నాడో ఆయనకే సరిగా తెలియదని తర్వాత తేలింది.

మర్నాటి నుంచి జంపక్క పనిలో దిగింది. ముందుగా పారతో సన్నని కాలువ తీసి మడుగును రోడ్డు పక్క మోరీలోకి వదిలింది. నీళ్ళు పోయిన చోట ఎండ పడింది. తర్వాత గొడ్డలితో తుమ్మ, కొడవలితో వయ్యారిభామ. తుమ్మ కొట్టిన కంపను కాల్చకుండా ఒక మూల పేర్చింది. ఒక పక్క కొడుతూ, ఇంకో పక్క గంపలో కవర్లు ఏరేది. బొజ్జయ్య వాటిని రిక్షా బండిలో వేసుకుని చెత్త పడేసే చోటికి తీసుకెళ్ళేవాడు. పూలి సెలవు రోజుల్లో చేతులకు దవాఖానా గ్లవుజులు వేసుకుని వచ్చేది. తల్లికీ ఒక జత ఇచ్చింది. జంపక్క అవి తొడుక్కుని చూసుకుని, "గొడ్డలి నన్ను గుర్తు పట్టదు," అని తీసేసింది.

ప్లాటు బాగుపడింది. కాని కాలనీ చెయ్యి ఆగలేదు. తెల్లారేసరికి గోడల మీది నుంచి కవర్లు ఎగిరి వచ్చి పడుతూనే ఉండేవి. జంపక్క ఎవరినీ తిట్టలేదు. పడిన కవరు పట్టుకుని, అది వచ్చిన ఇంటికే వెళ్ళి గేటు కొట్టేది.

మా గేటు కూడా కొట్టింది. "అమ్మా, మీ కవరు మా దిక్కు వచ్చి పడ్డది. కాళ్ళొచ్చినట్టున్నయి దీనికి."

విశ్రాంతమ్మ బయటికి వచ్చి చూసింది. "మాదే అని ఏంటి గ్యారంటీ?"

"చేప పొలుసు ఉన్నది. గీ గల్లీల ఆదివారం కొరమీను ఎవరింట్ల ఉడికిందో నా ముక్కుకు ఎరుక."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను. "ఇటియ్యి తల్లీ," అని కవరు తీసుకుని, ఆమె అటు వెళ్ళగానే, "కొరమీను వాసన అక్కడిదాకా వచ్చిందంటే పులుసు బాగా కుదిరినట్టే," అంది.

కాలనీ సంఘం కార్యదర్శి రాజేష్ ఇంటికి కూడా వెళ్ళింది జంపక్క. రాజేష్ మందుల కంపెనీలో పని చేసే యువకుడు. ఎప్పుడూ టై కట్టుకుని ఉండేవాడు. ప్లాట్ల సమస్య మీద అధికారులకు రెండుసార్లు వినతిపత్రం ఇచ్చినవాడు కూడా. తన ఇంటి కవరు తన గుమ్మానికే తిరిగి వచ్చేసరికి అతనికి మనసులో గుచ్చుకుంది. నవ్వేసి ఊరుకుంటే పోయేది. నవ్వలేదు.

దసరా నాటికి కవర్లు ఎగరడం మానేశాయి. పందులు మరో ప్లాటు వెతుక్కున్నాయి. ప్లాటు చదునుగా, ఎర్రగా, ఊడ్చిన వాకిలిలా కనిపించేది. పిల్లలు మధ్యలో క్రికెట్టు మొదలుపెట్టారు. జంపక్క వానలు ఉండగానే అంచుల వెంట చిక్కుడు గింజలు పెట్టింది. గూడెం నుంచి చీర కొంగున ముడి వేసుకుని తెచ్చుకున్నవి. తీగలు సాగగానే మూలన పేర్చిన తుమ్మ కంపతో పందిరి వేసింది. చలి మొదలయ్యే సరికి ఊదా రంగు పూలు, తర్వాత గుత్తులు గుత్తులుగా కాయ.

ఆ కాయను చూస్తూ ఎవరు ఊరుకుంటారు? కాని విచిత్రం, జంపక్క ఒక్క కాయ కోయలేదు. ముదురుతున్నా కోయలేదు. బజారులో చిక్కుళ్ళు కొనుక్కొచ్చే నా భార్య రోజూ మా గేటు దగ్గర నిలబడి నిట్టూర్చేది. "కోసుకోదు, కోసుకోనివ్వదు. చూస్తా చూస్తా ముదిరి గింజ కడతన్నయ్యి."

"అడుగు," అన్నాను.

"చిక్కుడుకాయలకు అర్జీ పెట్టుకోవాలా ఏంది? వీధి మీద కాసినవి."

డిసెంబరులో ఒక పొద్దున, గంప తీసుకోకుండా, దారిన పోతూ కోసుకున్నట్టు కనపడాలని, చెంగు పట్టి కోయడం మొదలుపెట్టింది. చెంగు సగం నిండిందో లేదో, సగం కట్టిన ఇంటి మీద బట్టలు ఆరవేస్తున్న జంపక్క కేక వేసింది. "అమ్మా! వద్దు! ఇడువు! కింద పెట్టు!" ఆ తప్పుడు మెట్ల మీదుగా దడదడా దిగి వచ్చి విశ్రాంతమ్మ చెయ్యి పట్టుకుంది. చెంగు జారింది, కాయలు నేల రాలాయి. "తినొద్దు, అప్పుడే తినొద్దు," అంటూ ఏరి మళ్ళీ పందిరి కిందే పోసింది.

వీధిలో ఆగి ఉన్న షేర్ ఆటోలో వాళ్ళందరూ చూశారు. రాజేష్ బండి మీద వెళ్తూ ఆగి మరీ చూశాడు.

ఇంటికి వచ్చిన విశ్రాంతమ్మ గొంతు ఆ రోజు బైపాస్ దాకా వినిపించి ఉంటుంది. "నా చెయ్యి పట్టుకుంది! నాలుగు కాయలకు! దొంగను పట్టినట్టు పట్టుకుంది! జాగా ఆమె అబ్బ సొమ్మా?"

ఆ చివరి మాటను రాజేష్ అందుకున్నాడు. ఆదివారం సంఘం కూర్చుంది. "ఫస్టు సాపు చేస్తరు. తర్వాత పందిరి. తర్వాత గుడిసె. తర్వాత ఒక రాయికి పసుపు రాసి దేవత అంటరు. ఇగ ఎవ్వడు లేపలేడు," అన్నాడు. ఖమ్మంలో అలా పోయిన ప్లాట్ల కథలు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. అందరూ చెప్పుకునేసరికి, మా ఎదురుగా ఉన్న నాలుగు చిక్కుడు తీగలు కబ్జా అయిపోయాయి. రాజేష్ అక్కడి నుంచే సేటుకు ఫోన్ చేశాడు. బుధవారం వచ్చి హద్దు రాళ్ళు పాతిస్తానని, ఆలోపు గది ఖాళీ చెయ్యమని సేటు బొజ్జయ్యకు కబురు పెట్టాడు.

సాయంత్రం బొజ్జయ్య మా వరండా మెట్టు మీద వచ్చి కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "పూలికి ఇంక ఏడాది ఉన్నది సారూ," అన్నాడు. అంతే.

నేను అతనితో పాటు వెళ్ళాను. జంపక్క గది ముందు కూర్చుని మోదుగాకులు కుడుతోంది.

"అక్కా, కాయలు ఎందుకు కోయనివ్వలేదు?"

ఆమె ఆశ్చర్యపోయింది. "కొత్త కాలేదు గద సారూ."

"కొత్త అంటే?"

"చిక్కుడు కొత్త. మా దిక్కు ఏ పంట వచ్చినా ముందుగాల భూమికి పెడ్తం. ఊరి పెద్ద నోట్ల ఏసుకుంటడు. గప్పుడే అందరు తింటరు. గంతకు ముందు తింటే తిన్నోళ్ళకు చెడు జరుగుతదంటరు. మీ ఇంట్ల అమ్మకు ముందే మోకాళ్ళ నొప్పులు. ఏమన్న అయితే? గందుకే ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్న."

"మరి చెయ్యి, ఆ కొత్త."

"ఎట్ల జేస్త? గీడ ఊరి పెద్ద లేడు. భూమి ఎవరిదో ఆయనే తినాలె ముందు. నెల సంది మొత్తుకుంటన్న, సేటును పిలువు, సేటును పిలువు అని. ఈయన పిలవడు." భర్త వైపు గడ్డం ఎత్తి చూపించింది. "భయమట."

బొజ్జయ్య నేల గీరుతూ, "సాపు జేస్తమని చెప్పిన. చిక్కుడు పెడ్తమని చెప్పలే," అన్నాడు.

అంటే నెల రోజులుగా ఆమె ఏ మనిషి రావాలని కోరుకుంటోందో, ఆ మనిషే బుధవారం వస్తున్నాడు, ఆమెను వెళ్ళగొట్టడానికి.

ఇంటికి వచ్చి విశ్రాంతమ్మకు చెప్పాను. చపాతీ కర్ర ఆగింది.

"నాకేమన్నా అవుద్దనా పట్టుకుంది?"

"అవును."

"అయితే ఆ మాట చెప్పొచ్చుగా."

"చెప్పే ఉంటుంది. అప్పటికి నువ్వు మాట్లాడుతున్నావు."

ఒక చపాతీ ఒత్తి పెనం మీద వేసింది. తర్వాత తనే అంది, "మా అమ్మ కూడా కోతల పండగకు గుడికి తీసుకెళ్ళేదాకా గుమ్మడికాయ మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. వేస్తే గరిటె కాల్చి వాత పెట్టేది." ఇంకోటి ఒత్తుతూ, "బుధవారం ఆ రాజేష్ నోరెత్తితే నేనున్నాను," అంది. కోపం పోలేదు, ఇల్లు మారిందంతే.

బుధవారం పొద్దున సేటు వ్యాన్‌లో వచ్చాడు. వెనక హద్దు రాళ్ళు, ఇద్దరు కూలీలు. తెల్లని చొక్కా, నుదుట గంధం బొట్టు, చేతిలో నీళ్ళ సీసా. వాళ్ళు జైనులు, ఖమ్మం బజారులో తాతల నాటి బట్టల దుకాణం. తెలుగు మనలాగే మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం హిందీ. ఆ రోజు దిగుతూనే హిందీతో దిగాడు. పక్కన రాజేష్ టైతో సహా సిద్ధం.

ప్లాటు మధ్యలో జంపక్క పేడతో అలికిన చోటు ఒకటి తడిగా మెరుస్తోంది. మోదుగాకు దొప్పలో ఉడికించిన చిక్కుళ్ళు. ఇంకో ఆకులో అలికిన నేల మీద కొన్ని. ఆమె ఉతికిన చీర కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, నేరుగా సేటు దగ్గరకు వెళ్ళి దొప్ప చాపింది.

"తిను సేటూ. భూమికి పెట్టిన. ఇగ నీదే ఆలస్యం."

సేటు అడుగు వెనక్కి వేశాడు. "క్యా హై యే? నేను రాళ్ళు పాతనీకి వచ్చిన. నేనెందుకు తినాలె?"

"జాగా నీది. నువ్వు తినందే ఎవ్వరు తినొద్దు."

"చూసినారా సార్, ఎట్ల మాట్లాడుతదో—" రాజేష్ మొదలుపెట్టాడు. విశ్రాంతమ్మ అతని పక్కకు జరిగి, "బాబూ, మీ ఇంటి కవరు ఇంకోటి నా దగ్గరుంది, తెమ్మంటావా?" అంది. లేదు ఆమె దగ్గర. కాని అతను ఆగాడు.

సేటు పందిరి వైపు చూశాడు. తీగల నిండా కాయ. కొన్ని ముదిరి, ఎండి, గింజ రాలుతోంది. "ఎవ్వరు తినలేదా ఇప్పటిదాకా?"

"ఎవ్వరు తినలే."

"నువ్వు?"

"నేనెట్ల తింట? నువ్వు రాలే గద."

"ఇంట్ల కూర లేకున్నా?"

"పచ్చి పులుసు ఏసుకున్నం."

హీరాలాల్ సేటు ముఖంలో ఏదో సడలింది. దొప్పలోకి తొంగి చూశాడు. గొంతు తగ్గించి, దుకాణంలో బట్ట నాణ్యం అడిగినట్టు అడిగాడు, "ఉల్లిగడ్డ ఏసినవా?"

"లే."

"ఎల్లిగడ్డ?"

"ఉప్పు తప్ప ఏం లేదు సేటూ. కొత్తకు ఏం కలపం."

సేటు తల ఊపాడు. చెయ్యి చాపబోయి, సగంలో ఆపి, నాలుక కరుచుకున్నాడు. "అరె. ఇయ్యాల చౌదస్, చతుర్దశి. చౌదస్ నాడు మేం పచ్చటి కూరగాయ ముట్టం. మా అమ్మకు తెలిస్తే ఇంట్లకు రానియ్యదు."

రాజేష్ ముఖం వెలిగింది. ఇక్కడితో తేలిపోయిందనుకున్నాడు. కాని జంపక్క ముఖం కూడా వెలిగింది. అర్థమయ్యే కారణం విన్న మనిషి ముఖం అది. దొప్ప మీద ఆకు మూసింది.

"అట్లనా? ముట్టకూడదంటే ముట్టొద్దు. రేపు?"

"రేపు పున్నమి. అది గూడ నడువదు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి తింట," అన్నాడు సేటు.

"అయితే ఎల్లుండే కొత్త. ఇగో, అందరు ఇనుర్రి. అప్పటిదాకా ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు." ఆ చివరి మాట మా ఆవిడ వైపు చూస్తూ అంది. విశ్రాంతమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. చూస్తున్నవాళ్ళు నవ్వారు. సేటు కూడా.

"సార్, మరి కబ్జా సంగతి?" అన్నాడు రాజేష్.

"భయ్యా," అన్నాడు సేటు, "కబ్జా చేసేటోడు ఓనరు వచ్చేదాకా ఆకలితో కూసుంటడా? కోసుకుని బజార్ల అమ్ముకుంటడు." తర్వాత బొజ్జయ్య వైపు తిరిగాడు. "గది గిది ఏం ఖాళీ చెయ్యకు. బిడ్డ చదువు కానీ."

వ్యాన్ దగ్గర కూలీలు రాళ్ళన్నీ దింపేసి చెమటలు తుడుచుకుంటున్నారు. మళ్ళీ ఎక్కించమంటే వాళ్ళు ఎలా చూశారో చెప్పలేను. "ఉండనీ," అన్నాడు సేటు. జంపక్క అప్పటికే రాళ్ళను చేత్తో తట్టి చూస్తోంది. తుమ్మ కర్రల కంటే నయం. అలా హద్దు రాళ్ళు చిక్కుడు పందిరికి గుంజలయ్యాయి. మిగిలిన రెండు అడ్డంగా వేస్తే కూర్చోవడానికి అరుగయింది. నా పొద్దుటి చదువు ఆ అరుగు మీదికి మారింది.

అన్నట్టే ఆ ఎల్లుండికి సేటు భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. నిలబడే ఒక కాయ నోట్లో వేసుకుని నమిలాడు. అందరం ఆయన నోటి వంకే చూశాం. "కొంచెం ముదిరింది," అన్నాడు. "నువ్వు ఆలస్యంగ వస్తే అది ఏం జేస్తది?" అంది జంపక్క. ఆ తర్వాత పందిరి మీద పడ్డ చేతులు లెక్కపెట్టలేను. రాజేష్ ఇంటి నుంచి అతని తల్లి గిన్నె పట్టుకుని వచ్చింది.

మరుసటేడు మా వీధిలో ఇంకో మూడు ప్లాట్లు బాగుపడ్డాయి. ఓనర్లకు ముందు ఫోన్ చేయాలి, ఏం పెడుతున్నామో కూడా చెప్పాలి, మొదటి కాపుకు వాళ్ళను పిలవాలి. ఇది జంపక్క పెట్టిన పద్ధతి. ఫోన్లు చేసే పని రాజేష్‌ది. బాగా చేశాడు. హైదరాబాదులో ఉన్న ఓనరొకడు బెండకాయ తినడానికి బస్సులో వచ్చాడు.

పూలి చదువు పూర్తయింది. భద్రాచలంలో ఉద్యోగం దొరికింది. తల్లిదండ్రులను తీసుకుపోయింది. సేటు ఆ తర్వాత మెట్లు పడగొట్టించి, వేరే మూలకు కట్టించి, ఆ ఇల్లు పూర్తి చేశాడు. ప్లాటులో కూడా ఇప్పుడు ఇల్లు లేచింది. అరుగు మాత్రం గేటు పక్కన ఉంచారు. ఇప్పటికీ నేను అక్కడే కూర్చుంటాను, మోకాళ్ళు ఒప్పుకున్న రోజున.

మా పెరట్లో విశ్రాంతమ్మ ఆ విత్తనమే పెడుతుంది. మొన్న తొలి కాయలు కోసి బుట్టలో పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఒకటి తీసి కొరకబోయాను. వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కింద పెట్టండి. ముందు సేటుగారి దుకాణంలో ఇచ్చి రండి."

"ఈ భూమి మనదేగా?" అన్నాను.

"గింజ ఆ భూమిది," అంది. "పోతా పోతా క్యాలెండర్ చూడండి, ఇవాళ చౌదసేమో."